ఎం3 ఇచ్చేసి ఫెరారీ తెచ్చుకోవాలా? తేల్చుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

బీఎండబ్ల్యూ ఎం3, ఎం5, ఏఎంజీ సీ63, ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో లాంటి స్పోర్ట్స్ సెడాన్ మూడు నాలుగేళ్లు నడిపాక చాలామందికి ఒక పురుగు కుడుతుంది. లోన్ అయిపోవచ్చింది, ఆన్‌లైన్‌లో ట్రేడ్-ఇన్ విలువ (మన కారు ఇచ్చి ఇంకోటి కొంటే డీలర్ కట్టే ధర) చూస్తే అరవై వేల డాలర్లని చూపిస్తోంది, దానికి ఇంకో డెబ్బై వేలు కలిపితే 2007 నాటి ఫెరారీ ఎఫ్430 ఇంటికొచ్చేస్తుంది కదా అని. కాగితం మీద లెక్క కుదిరిపోతుంది కూడా. కాకపోతే ఆ లెక్కలో కారు ధర తప్ప ఇంకేమీ ఉండదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పదేళ్లు, పదిహేనేళ్లు వాడిన ఫెరారీలు, లంబోర్గినీలు మంచి జీతం ఉన్న ఉద్యోగస్తుడికి అందే ధరలో దొరికే మార్కెట్ ఇక్కడ ఉంది. హైదరాబాద్‌లో ఆ దారి లేదు. కొత్తది తెప్పించుకుంటే దిగుమతి సుంకం, లైఫ్ ట్యాక్స్ కలిసి ధర బాగా పెరిగిపోతుంది, దాని గొడవ వేరు. నేనుండేది డాలస్ దగ్గర కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా టెక్సస్‌వే వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎగ్జోటిక్ (ఫెరారీ, లంబోర్గినీ లాంటి అరుదైన, ఖరీదైన స్పోర్ట్స్ కారు) కొనడంలో తప్పేమీ లేదు, డబ్బు మీది, సరదా మీది. చిక్కంతా సెడాన్‌ను ఇచ్చేయడంలో ఉంది. సెడాన్ ఇవాళ చేస్తున్న పని రేపటి నుంచి ఏ కారు చేస్తుందో ఇంట్లోవాళ్లు ఒప్పుకునేలా చెప్పగలిగితేనే మిగతా స్టెప్పులకు అర్థం ఉంటుంది.

స్టెప్ 1: సెడాన్ చేస్తున్న చాకిరీ రాసుకోండి

రెండు వారాల పాటు కారు తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో, ఎంతమంది కూర్చున్నారో, డిక్కీలో ఏం పెట్టారో ఫోన్‌లో రాసుకోండి. ఎం3 లాంటి కారుతో వచ్చే మోసం ఏంటంటే అది ఇంటి పని ఎంత చేస్తోందో మనకు కనపడదు. పొద్దున డేకేర్, సాయంత్రం కాస్ట్‌కో, శనివారం ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో దిగే అమ్మానాన్నలు, వాళ్లతో పాటు తలా రెండు ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు (అందులో ఆవకాయ కారిందేమో అన్న టెన్షన్ వేరే). ఎఫ్430లో సీట్లు రెండే. ముందు బానెట్ కింద సామాన్ల చోటులో మెత్తటి బ్యాగులు పడతాయి, గట్టి పెద్ద సూట్‌కేసు గురించి మర్చిపోండి. పసిపిల్లల సంగతి ఇంకా కచ్చితం: వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో పెట్టకూడదు.

ఇప్పుడు రాసుకున్న లిస్టులో ఒక్కో లైను పక్కన, ఇంట్లో ఉన్న ఇంకో కారు ఆ పని చేయగలదా లేదా అని రాయండి. గ్యారేజీలో ఒడిస్సీయో హైల్యాండరో ఉందనుకుని సరిపెట్టుకోకండి, అది మీ ఆవిడో మీ ఆయనో రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేదైతే వారంలో ఐదు రోజులు అది లేనట్టే. ఇంటికి ఒకే కారు అయితే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయడం మంచిది. ఎగ్జోటిక్ కారు సర్వీసుకు వెళ్తే ఒక విడిభాగం కోసం వారాల తరబడి షాపులోనే ఉండిపోవచ్చు, అప్పుడు ఊబర్‌లో తిరగాల్సి వస్తుంది.

మూడో దారి ఒకటుంది, నా ఓటు దానికే. సెడాన్ అమ్మేసి, అనుకున్నదాని కంటే ఒక మెట్టు తక్కువ ఎగ్జోటిక్, దానితో పాటు నాలుగైదేళ్ల క్యామ్రీ ఒకటి కొనడం. ఎఫ్430 బదులు మొదటి తరం ఆడి ఆర్8, పక్కన క్యామ్రీ. చెప్పుకోవడానికి అంత బాగుండదు కానీ ఎగ్జోటిక్‌ను ఎక్కువ కాలం ఉంచుకోగలిగేది ఇలాంటి ఏర్పాటు ఉన్నవాళ్లే.

స్టెప్ 2: వేగం కోసమైతే వద్దు

ఇది చాలామంది ఒప్పుకోరు కాబట్టి అంకెలే చెప్తాను. 2018 మోడల్ ఎం5 (కంపెనీ కోడ్ ఎఫ్90) ఇంజన్ 600 హార్స్‌పవర్. జీ80 కోడ్ ఉన్న ఎం3 కాంపిటిషన్ 503. ఫెరారీ ఎఫ్430 ఇచ్చేది 483, మొదటి తరం ఆర్8 వీ8 ఇచ్చేది 420. ఫెరారీ బరువు తక్కువే, కానీ ఆల్-వీల్ డ్రైవ్, టర్బో ఉన్న జర్మన్ సెడాన్ సిగ్నల్ దగ్గర నుంచి లేచే తీరు ముందు దాని ఆటలు సాగవు. డబ్బు రెట్టింపు పెట్టి నెమ్మది కారు కొన్నానని మూడో నెలలో అనిపిస్తే ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేరు.

మరి డబ్బు దేనికి పోస్తున్నట్టు? తల వెనక అడుగు దూరంలో కూర్చున్న ఇంజన్ 8,500 ఆర్‌పీఎం దాకా ఎక్కే శబ్దానికి. కంప్యూటర్ వడకట్టకుండా చేతికి తెలిసే స్టీరింగ్‌కి. గేటెడ్ మాన్యువల్ (గాళ్లు కోసిన లోహపు పలకలో గేర్ లివర్ కదిలేది) అయితే లోహం మీద లోహం తగిలే ఆ చప్పుడుకి. ఇవి మీకు నిజంగా కావాలా అన్నది తేల్చుకోండి. కావాలి అనుకుంటే ఎం5 ఎంత వేగంగా వెళ్లినా ఆ లోటు తీరదు, అది కూడా నిజమే.

ఇంకోటి, జనం చూపు. టోల్‌వే మీద పక్క లేన్‌లో ఒకడు ఫోన్‌తో వీడియో తీస్తూ మీతో సమానంగా నడుపుతాడు, పెట్రోల్ బంకులో ఐదు నిమిషాల పని ఇరవై నిమిషాలవుతుంది. మన పాట్‌లక్‌లలో అయితే కారు దిగకముందే "ఎంత పడింది?" అని అడుగుతారు. కొందరికి ఇది బాగా నచ్చుతుంది. నచ్చనివాళ్లు కారును గ్యారేజీలోంచి తీయడమే తగ్గించేస్తారు, నడపని కారు ఇంకా తొందరగా పాడవుతుంది: బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, సీళ్లు ఎండిపోతాయి.

స్టెప్ 3: ఒక వారాంతం అద్దెకు తీసుకోండి, కానీ కొండ రోడ్డు మీదకి కాదు

ట్యూరోలోనో (యజమానులే తమ కార్లు అద్దెకిచ్చే యాప్), లోకల్ రెంటల్ దగ్గరో మీరనుకుంటున్న మోడల్‌నే, కనీసం దాని తోబుట్టువునైనా రెండు రోజులు తీసుకోండి. అందరూ చేసేది ఖాళీ రోడ్డు మీద గంట తోలి, వావ్ అనుకుని తిరిగిచ్చేయడం. అలా అయితే ఏ కారైనా నచ్చుతుంది. మీరు మాత్రం శుక్రవారం సాయంత్రం ఆఫీసు పార్కింగ్‌లోంచి ట్రాఫిక్‌లో ఇంటికి తీసుకురండి. డాలస్ సబర్బుల్లో చాలా ఇళ్లకు గ్యారేజీ వెనక సందులోంచి ఉంటుంది, సందు నుంచి లోపలికి వాలు. అక్కడ ముందు లిప్ (బంపర్ కింది అంచు) గీరుకుంటుందా? ముక్కు పైకెత్తే లిఫ్ట్ ఉన్న కారా, లేనిదా? పాత ఫెరారీల్లోని ఎఫ్1 గేర్‌బాక్స్, పాత లంబోర్గినీల్లోని ఈ-గేర్ అంటే లోపల మామూలు క్లచ్చే, దాన్ని కాలికి బదులు హైడ్రాలిక్ పంపు నొక్కుతుంది. అందుకని వాలు మీద రివర్స్‌లో అంగుళం అంగుళం జరుపుతుంటే క్లచ్ జారుతూ కాలుతుంది, ఆ వాసన లోపలికే వస్తుంది. మీ ఇంటి దారే అలాంటిదైతే కొత్త క్లచ్ ఖర్చు ఇప్పుడే రాసిపెట్టుకోండి.

శనివారం పొద్దున ఆరున్నరకు స్టార్ట్ చేసి చూడండి. పక్కింటివాళ్ల ముఖం ఆదివారం తెలుస్తుంది.

స్టెప్ 4: ఏ కారు

"ఎగ్జోటిక్" అని అందరూ ఒకే గాటన కడతారు గానీ వీటి నిర్వహణలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

ఫెరారీలో వీ8 వరుస చూస్తే, ఎఫ్355కి టైమింగ్ బెల్టులు (ఇంజన్ వాల్వులను సమయానికి నడిపించేవి) మార్చాలంటే ఇంజనే కిందకి దింపాలి. 360 మోడెనాకి సీట్ల వెనక ప్యానెల్ తీసి మార్చొచ్చు, అయినా మూడేళ్లకోసారి అనే కంపెనీ లెక్క అలాగే ఉంటుంది. 2004లో వచ్చిన ఎఫ్430తో బెల్టులు పోయి చెయిన్లు వచ్చాయి, అది పెద్ద ఊరట. దాని బలహీనత ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాలు): పగులుతాయి, పట్టించుకోకపోతే లోపలి ముక్కలు ఇంజన్‌లోకి వెనక్కి వెళ్లే ప్రమాదం ఉంది. మార్చిన బిల్లు ఉన్న కారే చూడండి. 458 ఇటాలియాలో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ వచ్చింది, రోజూ నడపడానికి హాయిగా ఉంటుంది, క్లచ్ అరుగుదల గొడవ తగ్గింది, కానీ గేర్‌బాక్స్ లోపల సెన్సర్ పోతే బిల్లు భారీగానే ఉంటుంది. ధర కూడా ఇంకో మెట్టు పైన. ఎఫ్430లో గేటెడ్ మాన్యువల్ కావాలంటే ఎఫ్1 కంటే చాలా ఎక్కువ పెట్టాలి, అమ్మేటప్పుడు అది తిరిగొస్తుంది కూడా.

లంబోర్గినీ గయార్డో 2003 నుంచి 2013 దాకా 14,022 కార్లు తయారయ్యాయి, అందువల్ల విడిభాగాలు, తెలిసిన మెకానిక్కులు దొరుకుతారు. 2008లో వచ్చిన ఎల్‌పీ560-4 నుంచి ఉన్నవి చూస్తే మంచిది. దాని 5.2 లీటర్ల వీ10 ఇంజన్ కుటుంబమే ఆడి ఆర్8 వీ10లోనూ ఉంటుంది. అదే ఊపు, ఆడి డీలర్ దగ్గర సర్వీసు, కాస్త తక్కువ హడావిడి. నా దృష్టిలో మొదటి ఎగ్జోటిక్‌గా ఆర్8ని మించింది లేదు. పాత ఆర్8లలో మాగ్నెటిక్ రైడ్ షాకులు (గట్టిదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు) కారడం మామూలే, కింద పడుకుని టార్చి వేసి చూస్తే నూనె మరక కనిపిస్తుంది. ఆటోమేటిక్ కావాలంటే పాత ఆర్-ట్రానిక్ (ఎఫ్1 లాంటిదే) వదిలేసి ఎస్-ట్రానిక్ (డ్యూయల్ క్లచ్) వచ్చాక తయారైనవి తీసుకోండి.

మెక్‌లారెన్ 12సీ ధర చూస్తే నోరూరుతుంది, 592 హార్స్‌పవర్, ధరేమో బాగా పడిపోయి ఉంటుంది. ఎందుకు పడిపోయిందో అడగండి. సస్పెన్షన్‌లో హైడ్రాలిక్ అక్యుములేటర్లు (నూనె ఒత్తిడిని నిల్వ ఉంచేవి) అరిగిపోయే భాగాలే, స్క్రీన్ సిస్టమ్ మొదటి నుంచీ తలనొప్పే. తర్వాత వచ్చిన 570ఎస్‌లో ఆ హైడ్రాలిక్ సస్పెన్షన్ లేదు. ఏదేమైనా దగ్గర్లో నమ్మకమైన మెక్‌లారెన్ షాపు లేని ఊళ్లో ఉంటే ఆ బ్రాండ్ జోలికి వెళ్లకండి.

ఇక ఫెరారీ బ్యాడ్జి మీద మోజు లేకుండా శబ్దమే కావాలనుకునేవాళ్లకు కొర్వెట్ సీ8 జడ్06 ఉంది: 670 హార్స్‌పవర్, 8,600 ఆర్‌పీఎం దాకా తిరిగే ఫ్లాట్-ప్లేన్ వీ8, సర్వీసు షెవీ డీలర్ దగ్గర. వెనక సీట్లు తప్పనిసరైతే పోర్షే 911. ఇవి ఎగ్జోటిక్‌లా కావా అన్న వాదనలో నేను దిగను.

స్టెప్ 5: ఏడాది ఖర్చు

కొన్న ధర ఒక్కసారి మరిచిపోయి, ఏడాదికి ఎంత అన్నది రాయండి. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు, క్లచ్‌కి ఏటా పక్కన పెట్టాల్సిన వాటా, అనుకోని రిపేరు కోసం ఒక నిధి. నిధి అంటే కారు ధరలో కనీసం పది శాతం, కారు కొన్న రోజునే బ్యాంకులో విడిగా ఉండాలి. ఎఫ్1 క్లచ్ పని ఐదు వేల డాలర్ల చుట్టుపక్కల మొదలవుతుంది. కార్బన్ సిరామిక్ బ్రేకులున్న కారులో నాలుగు డిస్కులూ మార్చాల్సొస్తే పది వేలు దాటడం ఖాయం, అందుకే కొనేటప్పుడే వాటి అరుగుదల కొలిపించాలి.

ఇన్సూరెన్స్‌లో "అగ్రీడ్ వేల్యూ" అని స్పష్టంగా రాసి ఉన్న పాలసీ అడగండి. మామూలు పాలసీలో కారు పూర్తిగా పోతే ఆ రోజు మార్కెట్ విలువ ఎంతో కంపెనీయే లెక్క కడుతుంది. అగ్రీడ్ వేల్యూలో ముందే ఒప్పుకున్న మొత్తం వస్తుంది. "స్టేటెడ్ వేల్యూ" అనేది వినడానికి అలాగే ఉన్నా అది వేరు, ఆ పాలసీలో మీరు చెప్పిన మొత్తం కంటే తక్కువ కూడా ఇవ్వొచ్చు. అగ్రీడ్ వేల్యూ ఇచ్చే కలెక్టర్ పాలసీలకు షరతులుంటాయి: మూసిన గ్యారేజీ, రోజూ తిరగడానికి ఇంకో కారు, ఆఫీసుకు వాడకపోవడం లాంటివి. చూశారా, స్టెప్ 1లో ఇంకో కారు లేదని తేలితే ఈ పాలసీ కూడా అందదు. ఉత్తర టెక్సస్‌లో ఏప్రిల్, మే వచ్చిందంటే వడగళ్లు, అల్యూమినియం బాడీ మీద సొట్టలు తీయడం స్టీలు మీద తీసినంత తేలిక కాదు, కాబట్టి డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మీ జేబులోంచి కట్టాల్సిన భాగం) ఎంతో చూసుకోండి.

లోన్ దగ్గర అసలు వల ఉంది. ఎగ్జోటిక్ కార్లకు పన్నెండేళ్ల లోన్లు కూడా ఇస్తారు. 70,000 డాలర్లు, 9 శాతం వడ్డీ, 144 నెలలు అనుకుంటే నెలకు దాదాపు 797 డాలర్లు, ఎం3 కిస్తీ కంటే తక్కువే అనిపిస్తుంది. నాలుగేళ్లు కట్టాక చూస్తే చేతి నుంచి 38 వేల పైన పోయి ఉంటుంది, ఇంకా బాకీ 54 వేల పైచిలుకు మిగిలే ఉంటుంది. అదే లోన్ ఐదేళ్లకయితే నెలకు 1,453. ఆ ఐదేళ్ల కిస్తీ సుఖంగా కట్టలేకపోతే ఆ కారు మీ స్థాయి కాదనే నా లెక్క, పన్నెండేళ్ల కాగితం దాన్ని మార్చదు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఎం3ని ఒక మధ్యాహ్నంలో ఏ డీలరైనా కొంటాడు. ఫెరారీకి సరైన ధర ఇచ్చేవాడు రావడానికి నెలలు పట్టొచ్చు, హడావిడిగా అమ్ముతున్నారని తెలిసిన డీలర్ ఇచ్చే రేటు వింటే కడుపు మండుతుంది. గ్రీన్ కార్డ్ రాకుండా కొనకూడదని అనను. లోన్ లేకుండానో, లోన్ మొత్తం ఒకేసారి తీర్చేంత డబ్బు చేతిలో ఉంచుకునో కొనండి.

స్టెప్ 6: ట్రేడ్-ఇన్ చేయాలా, విడిగా అమ్మాలా

ఇది మీరుండే రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో కార్ల మీద సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, డీలర్ దగ్గర ట్రేడ్ చేస్తే తేడా మీదే కట్టాలి. ఎగ్జోటిక్ 130,000, మీ కారుకు 60,000 ఇచ్చారనుకోండి, పన్ను 70,000 మీద, అంటే 4,375. ట్రేడ్ లేకుండా అయితే 8,125. తేడా 3,750. కాబట్టి సెడాన్‌ను విడిగా కనీసం 63,750కి అమ్మగలిగితేనే ఆ శ్రమకి అర్థం. కాలిఫోర్నియా, వర్జీనియాలలో ట్రేడ్-ఇన్ విలువను పన్ను లెక్కలో తీసేయరు, అక్కడ ఎవరు ఎక్కువిస్తే వాళ్లకు అమ్మేయండి.

ఇంకో కిటుకు. ఎగ్జోటిక్ డీలర్ మీ ఎం3ని తన దగ్గర ఉంచుకోడు, వేలానికి పంపుతాడు, ఆ ఖర్చు మీ రేటులోంచే కోస్తాడు. అక్కడికి వెళ్లేముందు రెండు మూడు చోట్ల రాతపూర్వక ఆఫర్లు తీసుకుని జేబులో పెట్టుకోండి. ఎగ్జోటిక్ ధర ముందు తేల్చాకే ట్రేడ్ మాట ఎత్తండి, రెండూ కలిపి మాట్లాడితే ఎక్కడ ఎంత పోయిందో మీకు తెలియదు. పన్ను తప్పించుకోవడానికి సేల్స్ ట్యాక్స్ లేని మోంటానాలో ఎల్ఎల్‌సీ (పేరుకో కంపెనీ) పెట్టి రిజిస్టర్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే దండం పెట్టి వచ్చేయండి, మీ రాష్ట్రం అడిగే రోజు వస్తుంది.

స్టెప్ 7: కొనేముందు తనిఖీ

అమ్మేవాడికి సంబంధం లేని, ఆ బ్రాండ్ మీదే పనిచేసే షాపులో ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించాలి. కొన్ని వందల డాలర్లవుతుంది. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి. కంప్రెషన్, లీక్-డౌన్ టెస్టు (ఈ రెండూ సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా అని చూసేవి), పెయింట్ మందం, కంప్యూటర్‌లో క్లచ్ అరుగుదల శాతం, ఈ నాలుగూ రిపోర్టులో ఉండాలని ముందే చెప్పండి.

షాపుకు పంపకముందు మీరే చూడగలిగేవి కూడా ఉన్నాయి. ఇంజన్ చల్లగా ఉండగా వెళ్లండి, వచ్చేసరికే వేడి చేసి ఉంచితే కారణం అడగండి. ఎఫ్430 చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వెనక టిక్ టిక్ మని ఉండి, వేడెక్కాక ఆగిపోతే మానిఫోల్డ్ పగులు అనుమానించాలి, వేడికి లోహం వ్యాకోచించి పగులు మూసుకుంటుంది కాబట్టి. తర్వాత కింద కూర్చుని టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చదవండి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైన టైరు. గాడులు కొత్తవాటిలా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద దాంతో ఆటలొద్దు. పైగా అంత పాత టైర్లు వేసి ఉంచిన యజమాని మిగతావాటికి ఖర్చు పెట్టి ఉంటాడా అన్నది మీరే ఆలోచించుకోండి. లోపల బటన్లు వేలికి జిగురుగా అంటుకుంటే భయపడకండి, ఆ కాలపు ఫెరారీల్లో ప్లాస్టిక్ పూత కరగడం మామూలే, బేరంలో తగ్గించుకోవడానికి పనికొస్తుంది.

మైళ్లు తక్కువ ఉన్నంత మాత్రాన మంచి కారనుకోకండి. పదిహేనేళ్లలో ఐదు వేల మైళ్లు తిరిగిన కారు కంటే, ఏటా సర్వీసు బిల్లు ఉండి ముప్పై వేలు తిరిగిన కారే నేను కొంటాను. బిల్లులు వరుసగా పెట్టి తేదీల మధ్య ఖాళీలు చూడండి, రెండేళ్లు ఖాళీ ఉంటే ఆ రెండేళ్లలో ఏం జరిగిందో అడగండి. టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్‌గా ఉందా, కారు ఏయే రాష్ట్రాల్లో రిజిస్టర్ అయిందో కూడా చూసుకోవాలి. 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు ఖరీదైన కార్లు కూడా నీళ్లలో నానాయి. కార్పెట్ ఎత్తి కింద వైర్ల కనెక్టర్ల మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

స్టెప్ 8: తేల్చడం, తెచ్చుకోవడం

పైవన్నీ అయ్యాక ఇంకా కావాలనే ఉంటే కొనండి, ఇక వెనక్కి లాగే మాటలు వినక్కర్లేదు. డిపాజిట్ ఇచ్చేటప్పుడు "తనిఖీ నచ్చకపోతే వాపసు" అని రాయించుకోండి. వేరే రాష్ట్రం నుంచి తెప్పిస్తుంటే మూసిన ట్రక్కే మాట్లాడుకోండి, డబ్బు పంపేముందు టైటిల్ మీద వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు), అమ్మేవాడి పేరు సరిపోయాయో చూసుకోండి, ఇన్సూరెన్స్ ట్రక్కు బయల్దేరిన రోజు నుంచే మొదలవ్వాలి. దింపేటప్పుడు డ్రైవర్ ముందే నాలుగు వైపులా, ముందు లిప్ కింద కూడా ఫోటోలు తీసి, గీత కనిపిస్తే అతని కాగితం మీద రాసి సంతకం చేయించాకే తాళం తీసుకోండి. సెడాన్‌ను మాత్రం ఆ రోజు దాకా అమ్మకండి.